నువ్వు చూపించమన్న టేపు

కారిక్ ఫ్లాట్,
జులై 2, మంగళవారం.

తమ్ముడు రోరీకి,

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ, నీ మోకాలూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. మూడు రోజులుగా సన్నటి వాన విడవకుండా పడుతోంది. పొద్దున వెనక పొలంలో ఈనిన గొర్రెల్ని చూసి వచ్చాను. కవల పిల్లలు రెండు చనిపోయి ఉన్నాయి. చలికో నక్కకో తెలియలేదు. ఒక తల్లి లేవలేకపోతుంటే పట్టుకుని నిలబెట్టాను, కాసేపటికి మేతకు వంగింది. ఇప్పుడే బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెట్టి రాయడానికి కూర్చున్నాను.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. గాలిమర పంపుకు కొత్త తోలు వాషరు వేశాను, నీళ్లు బాగానే తోడుతోంది. ముసలి కుక్క కాలు నయమైంది గానీ మోటారు బండి చప్పుడు వింటే మళ్లీ కుంటుతుంది, పనికి రాకుండా తప్పించుకోవడానికి. పబ్బు ఇంకా తెరవలేదు. కొన్నవాళ్లు గోడలకు రంగు వేసి అడిలైడ్ వెళ్లిపోయారు. నీ నాలుగో ప్రశ్న టేపు గురించి. దానికి జవాబు ఇంత త్వరగా రాదు.

టేపు బెవ్ దగ్గర దొరికింది. ఆదివారం ఊరి అగ్నిమాపక దళం ఫైర్ షెడ్డులో పంపు పరీక్ష ఉంది. పదకొండుకల్లా అయిపోయింది. వానలో ఎవరికీ ఇంటికి వెళ్లాలనిపించలేదు. బెవ్ టీ పెట్టింది. మర్రే సాసేజ్‌లు కాల్చడం మొదలుపెట్టాడు. మీ అమ్మాయి టామ్సిన్ కూడా ఉంది. జనవరిలో ఇక్కడి బడిలో పంతులమ్మగా చేరి మా ఇంట్లో దిగినప్పటి నుంచి ప్రతి ఆదివారం దళం పనికి వస్తూనే ఉంది. బెవ్ తన పాత టీవీనీ వీసీఆర్‌నూ ఫైరింజన్ మెట్టు మీద పెట్టి టేపు వేసింది.

అది అప్పట్లో టీవీలో వచ్చిన కామెడీ సీరియలే, ఎప్పుడూ నష్టాల్లో ఉండే ఆ మోటెల్ కుటుంబం కథ. బస్సు చెడిపోయి ఒక రాక్ బ్యాండ్ వాళ్ల మోటెల్లో దిగి, ఊరి హాల్లో పాడే భాగం. ఆ బ్యాండ్ మనమే. ముప్పై మూడేళ్ల తర్వాత చూస్తే అందులోని జోకుల కంటే మమ్మల్ని చూసుకునే ఎక్కువ నవ్వు వచ్చింది.

“ఆగండర్రా, వెనక్కి తిప్పండి!” అంది బెవ్. “మర్రే, అది జుట్టా, గొర్రె బొచ్చా?”

“ఆ ఏడు నన్ను కత్తిరించి ఉంటే రెండు మూటల ఉన్ని దిగేది,” అన్నాడు మర్రే బట్టతల నిమురుకుంటూ.

“ఈ నెవిల్ ప్యాంటు చూడండి! అందులోకి ఎలా దూరావయ్యా?”

“పౌడరు చల్లి అమ్మ లాగింది,” అన్నాను. “విప్పడానికి ఇద్దరు కావలసివచ్చారు.”

“గిటారు వైరు ఎటు పోతోంది? దేనికీ తగిలించలేదే!”

“పాట ముందే మెల్బోర్న్‌లో రికార్డయింది కదే. ఇక్కడ ఊరికే చేతులు ఆడించడమే,” అన్నాడు మర్రే.

బెవ్ హెల్మెట్ పెట్టుకుని గొట్టం మూతిని మైకులా పట్టుకుంది. నేను చీపురు అందుకుని అప్పటి అడుగులు వేశాను. పాటను మూడుసార్లు వెనక్కి తిప్పారు. మూడోసారి టామ్సిన్ నవ్వడం మానేసింది. బకెట్ బోర్లించి టీవీకి దగ్గరగా కూర్చుంది.

“పెదనాన్నా, ఆ పాట పాడింది ఎవరు?” అంది.

నువ్వు రాసింది నాకు గుర్తుంది. ‘టామ్సిన్‌కు చూపించు. ముందుగా ఏమీ చెప్పకు, ఏమంటుందో చూద్దాం’ అన్నావు. నువ్వు ఏం వినాలనుకున్నావో నాకు తెలుసు. అది ఆ పిల్ల నోటి దాకా వచ్చింది.

“నేనే. ఇంకెవరు?” అన్నాను. చీపురు నా చేతిలోనే ఉంది.

మర్రే నా వైపు చూసి, మళ్లీ సాసేజ్‌ల వైపు తిరిగాడు.

“ఊపిరి పీల్చుకోవడం అచ్చం మా నాన్నలా ఉంటేనూ,” అంది టామ్సిన్. “చేపల లారీలో నన్ను పడుకోబెట్టేటప్పుడు అలాగే పాడేవాడు.”

“అన్నదమ్ములం కదమ్మా.”

“ఏదీ, ఇప్పుడొక ముక్క పాడు పెదనాన్నా.”

గొంతు బాగాలేదన్నాను. “ముప్పై మూడేళ్ల నుంచీ ఈయన గొంతు బాగుండదు!” అంది బెవ్. అందరూ నవ్వారు. టామ్సిన్ తన కప్పు కడిగి బోర్లించి బయటికి వెళ్లింది.

నిన్న పొద్దున మర్రే వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

“ఊరంతా నీ గొంతే అనుకుంటే ఊరుకున్నా. రోరీయే పోనీలే అన్నాడు, మధ్యలో నాకెందుకు అనుకున్నా. కానీ వాడి కూతురు ఎదురుగా నిలబడి అడిగితే అలా చెప్తావుట్రా?”

“రోరీకి రాస్తాను,” అన్నాను.

“రాయి. లేకపోతే నేను ఫోన్ చేస్తా.”

కాని మర్రేకు తెలిసింది గొంతు సంగతి ఒక్కటే. నీకు కూడా తెలియనిది ఇంకొకటి ఉంది.

షూటింగు మొదట గురువారం అన్నారు. మంగళవారానికి మార్చారన్న ఫోను, నువ్వు సంతకు బయలుదేరాక వచ్చిందని నీకు చెప్పాను. అది సోమవారం సాయంత్రమే వచ్చింది. ఎత్తింది నేను. నువ్వు వంటింట్లో బూట్లు విప్పుకుంటూ “ఎవరు?” అన్నావు. “ఉన్ని ఏజెంటు” అన్నాను. మర్నాడు తెల్లవారకముందే నువ్వు గొర్రెల లారీ తీసుకుని వెళ్లావు. నీకు ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది కూడా నేనే. వాళ్లు వచ్చి పాటగాడు ఏడీ అంటే, నా తమ్ముడికి ఇలాంటివి ఇష్టం లేదు, పాట ఎలాగూ టేపులో ఉంది కదా, కెమెరా ముందు నేను నిలబడతాను అన్నాను.

సాయంత్రం నువ్వు ఖాళీ లారీతో వచ్చి, “పోనీలే, టీవీకి నీ మొహమే నయం” అన్నావు. ఆ శీతాకాలంలోనే చేపల లారీ నడపడానికి పోర్ట్ లింకన్ వెళ్లిపోయావు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఉందంటావేమోనని.

క్షమించమని రాయడానికి చేయి రావడం లేదు. వచ్చే ఆదివారం షెడ్డులో బెవ్‌కూ మిగతావాళ్లకూ రెండు సంగతులూ చెబుతాను. మర్రేకు ఈ సాయంత్రమే చెబుతాను. టామ్సిన్‌కు మాత్రం ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. నా మాట తను ఇక నమ్మనక్కర్లేదు. దీన్ని తన చేతికే ఇచ్చి పంపాలని పొద్దున్నే కాగితం తీశాను. కారు చప్పుడు వినబడేసరికి నీ పేరు మాత్రమే రాసి ఉంది.

తను శనివారం నీ దగ్గరికి బయలుదేరవలసింది. బెవ్‌ను అడిగి టేపు తీసుకుని, ఈ ఉదయం ఆరున్నరకే అటు బయలుదేరి వెళ్లింది.

ఇట్లు,
ఆ రోజు ఫోను ఎత్తిన నీ అన్న,
నెవిల్