అన్న ఎత్తిన ఫోను

వనపర్తి

చెల్లె సవారమ్మకు హన్మంతు దీవెనలు. నీవు, మీ ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మేము బాగున్నామని రాయలేను.

అమ్మ గొంతులో గడ్డ లేచినప్పుడు అన్న మన ముందే ఆమె చెయ్యి పట్టుకొని, "జొన్నకోతలు కాంగనే పట్నం దవాఖానకు తోల్కపోత" అన్నాడు. కోతలయ్యాయి, కందులూ ఇంటికొచ్చాయి. అమ్మ పోయింది. ఆ మాట ఇప్పుడెందుకంటావేమో, చదువు.

మీ వదిన గోవిందమ్మ రొమ్ము క్యాన్సరు వైద్యం కోసమే కదా మన ఊరు వడ్డేపల్లి విడిచి వచ్చాం. దవాఖాన వెనక రేకుల గది, పొద్దెక్కితే నిప్పు. ఇక్కడి తిండి సయించదు. సూదిమందుకు ఆమె ఓర్చుకుంటోంది గాని, గోడవైపు తిరిగి పడుకుంటే పిలిచినా పలకదు. దవాఖానలో రోగుల దిగులు చూసే సునీత అనే అమ్మాయి డాక్టరుతో మాత్రలు రాయించింది, వారం వారం ఫోన్‌లో మాట్లాడతానన్నది.

"గడ్డకు మందంటే సరే. ఏడుపుకు గూడ గోలీనా బిడ్డా?" అని గోవిందమ్మ నవ్వింది. అయినా వేసుకుంది. ఒకరోజు తనే లేచి చారు కాచింది.

ఫోన్ మాత్రం రాలేదు. "ఆ పిల్ల గూడ మర్సిపోయింది, ఇంకేం గోలీలు" అని మానేసింది.

మొన్న సునీతే గది వెతుక్కుంటూ వచ్చింది. "తాతా, ఎన్నిసార్లు చేసిన! ఎవరో పెద్దాయన ఎత్తి, 'మా ఇంట్ల పిచ్చోళ్లు లేరు, మళ్ల చెయ్యకు' అంటుండు."

మనవైపు ఎవరు నంబరు అడిగినా ఇంటి పెద్దదే చెబుతాం కదా. నాకు ఫోన్ లేదు, ఊరి నుంచి కబురందిస్తాడని ఆ అలవాటున అన్నదే ఇచ్చాను.

సునీత మంచం పక్కన కింద కూర్చుంది. "అవ్వా, నేను మర్వలే."

"మరి నీ మాటలు ఎవడు మింగిండు?" అన్నది గోవిందమ్మ, గోడవైపే చూస్తూ.

గోలీ ఇంకా ముట్టలేదు. మంగళవారం సూదిమందుకు దవాఖానకు వస్తుందో రాదో. నాకు భయంగా ఉంది, చెల్లె. గదికి లోపలి గొళ్లెం ఊడదీశాను. కూరగాయలకు బయలుదేరి సందు మలుపు నుంచే వెనక్కి వస్తున్నాను. ఇన్నేళ్లు చదివిన పుస్తకాల్లో ఆమెకు చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు సునీతకు ఈ గది అద్దెకిచ్చిన మహబూబ్ బీ నంబరు ఇచ్చాను. ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెడతానన్నది. నువ్వు సోమవారమే రా, జొన్నరొట్టెలు తే. మీ ఊరు పెద్దమందడి నుంచి ఎంతసేపు? నీ మాటైతే వింటుంది.

మీ అత్తకు నా దండాలు, మీ వదిన కోసం ఒక మొక్కు మొక్కమను. మనుమలకు దీవెనలు. వడ్డేపల్లికి మాత్రం నా నమస్కారం పంపకు. అమ్మకూ గోవిందమ్మకూ దవాఖాన దారికి అడ్డం నిలిచినవాణ్ణి ఇక అన్న అని పిలవను. నాకు వాడు ఉత్త తిమ్మప్ప.