జూన్ లోపల ఒక సైన్సు

మే 4

టీ తాగుతూ ఈయన పిల్లల ఇంటి చదువు మీద తీర్పు చెప్పేశారు. లెక్కలు, ఇంగ్లీషు నేను చెప్పుకోవచ్చట. తెలుగు అత్తమ్మ చూసుకుంటుందట. "సైన్సు మాత్రం నీ వల్ల కాదుమే. జూన్ లోపల ఏదో ఒకటి తేల్చు. లేదంటే బ్లెస్సీని మళ్ళా హాస్టల్లో వేసేస్తా." అని, రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళిపోయారు.

నేను బీకాం. ఆయన మాట తప్పని అనలేను. అదే మంట.

మా పెద్దది బ్లెస్సీ వింది. ఇడ్లీ సగం వదిలేసి లేచింది. నిరుడు హాస్టల్ నుంచి తెచ్చుకున్నప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు — మాట లేదు, నవ్వు లేదు, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. ఇప్పుడిప్పుడే తమ్ముడు జోయెల్‌తో కొట్లాడుతోంది. ఆ కొట్లాట నాకు కావాలి. పంపను. పంపనంటే పంపను.

మే 5

ఫోన్‌లో వెతుకులాట. ఇంటి దగ్గర చదివే పెద్దపిల్లలకు ఉచిత సైన్సు కోర్సులట. పైన "ఫ్రీ" అని ఉంటుంది... మూడో పాఠం దగ్గర కార్డు నంబరు అడుగుతుంది.

అత్తమ్మ: "ఊరికే ఇస్తా ఉండారంటే ఏందో ఉంటాదిమే. ఊరక రారు మహానుభావులు."

మే 7

దొరికింది! అమెరికాలో ఎవరో తల్లులు కలిసి తయారుచేసింది. నిజంగానే ఉచితం. బొమ్మలు ఎంత బాగున్నాయో. తెలుగులో చూపించే బటన్ కూడా ఉంది. దేవునికి స్తోత్రం అనుకుని నొక్కా. తొందరపడ్డా.

"మొక్క జైలుగదికి గోడ ఉంటుంది." "ప్రస్తుతం తీగ గుండా ప్రవహిస్తుంది."

సెల్ అంటే కణమని ఆ బటన్‌కి తెలియదు, జైలనుకుంది. కరెంటు అంటే ప్రస్తుతం అనుకుంది. జోయెల్ మాత్రం చాలా సీరియస్‌గా — "మరి గతం యాడ ప్రవహిస్తాదమ్మా?" పదమూడేళ్ళకే ఎంత నోరు వీడికి. బ్లెస్సీ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని నాకు కడుపు నిండిపోయింది. కోర్సు ఎట్లా ఉన్నా ఉంచుకోవాలనిపించింది.

మే 8

సరే, ఇంగ్లీషులోనే చదువుదాం. మొదటి పని: "బయటికి వెళ్ళి గిన్నెడు మంచు తెచ్చుకోండి."

రోహిణి కార్తె ఇంకా రానేలేదు, బయట అప్పుడే రోళ్ళు పగిలేట్టుంది. జోయెల్ సైకిలేసుకుని జువ్వలదిన్నె హార్బర్‌కి పోయి, పడవల్లో చేపలకు వేసే ఐసు సంచిలో పట్టుకొచ్చాడు. కరిగిన నీళ్ళలో పొలుసులు తేలాయి. బ్లెస్సీ శ్రద్ధగా రాసుకుంది — "మంచు వాసన: వంజరం."

మే 10, ఆదివారం

ఆరాధన మధ్యలో కూడా ఆమ్లాలు, క్షారాలే. ప్రభువా, క్షమించు.

మే 12

ఇవాళ వీడియో పాఠాలు. ఉచితమే. సారు ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు, మధ్య మధ్యలో "అర్థమైందా? ఇది రాకపోతే ర్యాంకు రాదు" అని బెదిరింపు. బ్లెస్సీ ముఖం పాలిపోయింది. "హాస్టల్లో సార్ కూడా ఇట్టనే అమ్మా..."

ఆపేశా.

మే 15

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు — మన రాష్ట్రం పాఠ్యపుస్తకమే నెట్‌లో ఉచితంగా ఉంది! ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పరీక్షకూ అదే పనికొస్తుంది. చేసి చూడటానికి అమెరికా తల్లుల ప్రయోగాలు. అన్నం మనది, కూర వాళ్ళది.

ఈయనకు చెప్పా. "ఊఁ" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ఊఁకి అర్థం తెలియదు. కాసేపటికి — "చెప్పడం కాదు. బుధవారం పొద్దున నేను గుంటలకు పోకముందు ఒకటి చేసి చూపియ్యండి. చూసి మాట్లాడతా."

అంటే బ్లెస్సీ హాస్టల్ సంగతి ఒక ప్రయోగం మీద వేలాడుతోంది.

మే 17

చర్చి నుంచి వస్తూ అత్తమ్మ దారి పొడుగునా గర్వంగా చెప్పుకొచ్చింది — "బుధవారం పొద్దున్నే మా ఇంట్లో ప్రయోగం. అందరూ రండి!" అందరూ తప్పకుండా వస్తామన్నారు. మా వీధికి చదువంటే ఇంత అభిమానమా? కళ్ళు చెమర్చాయి.

మే 20, బుధవారం

ఇంతగా పరువు ఎప్పుడూ పోలేదు.

పొద్దున్నే ఎదురింటి రమణమ్మక్క, ఆమె మనవళ్ళు, ఇంకా వీధిలో సగంమంది. నన్ను పలకరించి నేరుగా మేడ ఎక్కేశారు. అందరూ దక్షిణం వైపు తిరిగి, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పిల్లల చేతుల్లో మరమరాల పొట్లాలు.

"ఎన్ని గంటలకంటమే?" — రమణమ్మక్క.

"ఏదక్కా?"

"ప్రయోగం! ఈసారి టీవీలో చెప్పనే లేదే."

శ్రీహరికోట! ఈ తీరంలో ప్రయోగమంటే రాకెట్టు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి. అత్తమ్మకూ తెలుసు. అయినా ఇద్దరికీ తట్టలేదు.

సరే, వచ్చినవాళ్ళను పొమ్మంటామా. మేడ మీదే మొదలుపెట్టాం. నాలుగు నిమ్మకాయలు. ఒక్కోదానికి ఒక మేకు, ఒక రాగిముక్క. తీగలతో కలిపితే కరెంటు పుట్టి, బఠాణీ గింజంత ఎల్ఈడీ బల్బు వెలగాలి. బ్లెస్సీ ఒక కాయలో మేకు దింపింది. రెండో కాయలో దింపింది. రమణమ్మక్క మనవణ్ణి వెనక్కి లాక్కుంది.

"నిమ్మకాయలేంది, మేకులేంది... మీరు ఏసయ్యను నమ్ముకున్నోళ్ళు కదమే!"

"చెప్పినాం కదా అవ్వా, ప్రయోగం" అన్నాడు జోయెల్.

ఆ మాటకు మూడో అర్థం కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది, నాకంటే ముందు వాళ్ళకు. చూస్తుండగానే మేడ ఖాళీ. రాకెట్టు చూడటానికి వచ్చినవాళ్ళు చేతబడి చూసి పోయారు.

బల్బు? వెలగలేదు. ఈయన మెట్ల మీద నిలబడి అంతా చూశారు. బండి తీసుకుని వెళ్ళిపోయారు. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మే 21

పనికిరావని జోయెల్ ఆ నిమ్మకాయలను మేకులతో సహా గోడ మీదుగా విసిరేశాడట. ఎక్కడ పడ్డాయి? మూడు దారులు కలిసేచోట. ఇంకెక్కడా చోటు లేనట్టు. రమణమ్మక్క గుమ్మానికి కొత్త బూడిద గుమ్మడికాయ కట్టింది. పాలాయన చుట్టూ తిరిగి వస్తున్నాడు. తీసేద్దామని వెళ్ళబోయా — వీధంతా కిటికీల్లోంచి చూస్తోంది. నేను తీస్తే నేనే పెట్టినట్టు. వెనక్కి వచ్చేశా.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. ఎవరు చెప్పారో మరి. కూర్చోకుండానే కళ్ళు మూసుకుని ప్రార్థన. "ఈ గృహంలోని సకల అంధకార శక్తులను..." అంటుండగా లోపలి నుంచి బ్లెస్సీ కేక:

"అమ్మా! బల్బు కాళ్ళు తిరగేసి పెట్టినాం! పొడుగు కాలు రాగి వైపు పోవాల!"

పళ్ళెంలో వేరే నాలుగు నిమ్మకాయలతో పరుగెత్తుకొచ్చింది. ఎర్రటి బల్బు. చిన్నగా, వెలుగుతోంది! పాస్టరుగారు ఒక కన్ను తెరిచారు. ప్రార్థనకు మధ్యలోనే ఆమేన్ పడింది. వంగి చాలాసేపు చూశారు.

"తల్లీ, వేసవి బైబిలు తరగతుల్లో పిల్లలకు చూపిస్తావా?" అని, కొంచెం ఆగి — "నిమ్మకాయలొద్దుమా. టమాటాతో అయితాదా?"

అవుతుందట. అడిగిన వెంటనే చెప్పింది నా బిడ్డ. మెడ నిటారుగా పెట్టి చెప్పింది.

ఈయన మాత్రం చూడలేదు. చెప్తే "ఊఁ".

మే 22

ఊఁ.

మే 25

హాస్టల్ స్కూలు పీఆర్వో వస్తాడని ఈయన పొద్దున తాపీగా చెప్పారు. అడ్మిషన్ ఇంటికే వచ్చి రాసుకుంటారట. కిటికీ దగ్గరే నిలబడ్డా.

వచ్చాడు. టై, కొత్త బండి. మూడు దారుల దగ్గర బ్రేకు వేశాడు. కిందికి చూశాడు. ఎండకు నల్లబడిన నిమ్మకాయలు, తుప్పు పట్టిన మేకులు... కాలు నేల మీద పెట్టకుండానే ఫోన్ తీశాడు. ఈయన ఫోన్ హాల్లో మోగింది. అవతలి గొంతు నాకు కూడా వినిపించింది: "సార్, మీ సందు మొదట్లో ఎవరో ఏందో చేసిపెట్టినారు సార్. నాకసలే పెళ్ళి కుదిరింది. ఇంకో రోజు వస్తా."

బండి తిరిగిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వా. అత్తమ్మ "స్తోత్రం" అంది. దేనికని అడగలేదు.

మే 28

మధ్యాహ్నం ఈయన భోజనానికి త్వరగా వచ్చారు. వరండాలో బ్లెస్సీ తమ్ముడికి పాఠం చెబుతోంది. ఈయన చెప్పులు విప్పకుండా నిలబడి విన్నారు. వాడు అడ్డదిడ్డంగా అడుగుతున్నాడు, అది విసుక్కోకుండా మళ్ళీ చెబుతోంది. అప్పుడు ఎన్నడూ అడగని మాట అడిగారు. నన్ను కాదు, దాన్ని.

"చెప్పుమా. హాస్టల్‌కి పోతావా?"

బ్లెస్సీ పుస్తకం మూసింది. "ఏ సైన్సు చదవమన్నా చదువుతా నాన్నా. ఆడికి మాత్రం వద్దు."

ఈయన జేబులో ఫోన్ మోగింది. పీఆర్వో. తీసి పేరు చూశారు... ఎత్తలేదు. కట్ చేయనూ లేదు. మోగి మోగి ఆగింది.

"అన్నం పెట్టు" అన్నారు.

రెండో ముద్ద దగ్గర మళ్ళీ మోగింది. ఎడమచేత్తో దాన్ని బోర్లా తిప్పి పెట్టారు. వద్దనా? తిన్నాక మాట్లాడతాననా? గుమ్మం పక్కన బ్లెస్సీ నీడ కదలకుండా నిలబడి ఉంది. పప్పు వడ్డించాను.