ఆముదం చేను దాకా

చెల్లె,

బాపు ఇంకా పురుగులు పెంచుతున్నాడు. వాగు అవతలి చేను నుంచి ఆముదం పురుగులు తెచ్చి గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కడతాడు. ఒకప్పుడు పురుగు వీపు మీద నూకల్లాంటి తెల్లని గింజలు కనబడితే, అవి పురుగు గుడ్లనుకొని చెప్పుతో నలిపేసేవాడు. పురుగును లోపలి నుంచి తిని బయటికొచ్చిన చిన్న కందిరీగల గూళ్లవి అని, నువ్వు యూనివర్సిటీ నుంచి వచ్చి చెప్పావు.

పత్తిపురుగులో పెరిగినవీ ఆముదం పురుగులో పెరిగినవీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయన్నావు. కానీ ప్రతిదీ తాను పుట్టిన చేను వాసనకే పోతుంది, అక్కడే జత కడుతుంది. అట్లా తరాలు గడిచేసరికి ఒక్క జాతి రెండవుతుందన్నావు.

ఈ పొద్దున సీసాలో గూళ్ల నుంచి కందిరీగలు బయటికొచ్చాయి.

"చెల్లెకు ఫోన్ చెయ్యి బిడ్డా, ఎల్లినయని చెప్పు," అన్నాడు బాపు సంబరంగా.

నేను ఫోన్ తీసి మళ్లీ పక్కన పెట్టాను. కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. కరోనాలో నిన్ను పట్నం దవాఖాన నుంచి అటే కాటికి తీసుకుపోయారు. ఊరికి తేనివ్వలేదు.

ఇంటి చుట్టూ ఇప్పుడంతా పత్తే. "ఎండ కొడ్తాంది, ఈడనే ఇడిచిపెట్టు బాపూ," అని కసిరాను. వినలేదు. సీసాను కండువాలో చుట్టుకొని, వాగు దాటి ఆముదం చేను దాకా నడిచాడు. మొక్కల నడుమ కూర్చొని గుడ్డ విప్పాడు.

"ఈటినన్నా పుట్టినకాడికి తెచ్చిన బిడ్డా," అన్నాడు.