మూతి లేని కడవలు

నాయనా,

నీ సంవత్సరీకం నాడు పెనుకొండ నుంచి నీ కొడుకు సమర్పించుకుంటున్న నివేదిక. కడవకు ముందు మూతి తీర్చి, తర్వాతే అడుగు మూయాలని నేర్పినవాడివి నువ్వు. విశ్వవిద్యాలయంలో శిల్పకళ చదివిన అర్హతతో నేను ఆ నియమాన్ని ఉల్లంఘించాను.

హిందూపురంలో ఒక వీధికి నెలల తరబడి కుళాయి నీళ్లు రావడం లేదు. అందుకు నిరసనగా మూతి లేని కడవలు చేసి మున్సిపల్ కార్యాలయం ముందు పెట్టాను. అధికారులు దాన్ని సుందరీకరణగా గుర్తించి, నాకు శాలువా కప్పి, కడవల చుట్టూ పూలమొక్కలు నాటించారు. అవి ఎండకూడదని రోజూ ట్యాంకర్ పంపుతున్నారు. ఆ వీధి ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఆ ట్యాంకర్ దగ్గరే నీళ్లు పట్టుకుంటున్నారు.

నిన్న వాళ్లలో ఒక పెద్దామె నన్ను నిలదీసింది.

“ఏమప్పా, ఈ కడవలు చేసింది నువ్వేనా? వీటికి నీళ్లు యాడ పోసేదని నవ్వుకుంటిమి.”

“అది నిరసన, అవ్వా.”

“ఏమో, నాకు తెల్దు. ఇంత దూరం మోయలేక సస్తాండాం. ఇంకో నాలుగు చేసి మా వీధిలో పెట్టు. ఆడ గూడా చెట్లు నాటనీ.”

ఈ పొద్దున మట్టి తొక్కాను. నడుము పట్టేసింది. ఆ వీధిలో మొక్కలు నాటించవలసిందిగా అర్జీ కూడా పెట్టాను. నీళ్ల మాట అందులో ఎక్కడా రాయలేదు.