బంతి తడిగా ఉందట

ఏప్రిల్ 6, సోమవారం

ఈ రోజు నుంచి చిన్నప్పన్ గురించి ఒక్క మాట అనను. మా అమ్మాయి నంతిని నిశ్చితార్థం అయ్యేదాకా. డైరీలో రాశాను కాబట్టి ఖాయం.

కారణం: నంతిని చేసుకుంటానన్న కుర్రాడు శరవణ్. ఇద్దరిదీ పోర్ట్ క్లాంగ్‌లో ఒకే షిప్పింగ్ ఆఫీసు. సిగరెట్టు లేదు, పెద్దలంటే గౌరవం ఉంది, మా మలేషియా పిల్లలందరిలా తెలుగులో తమిళం కలిపినా అర్థమయ్యేలా మాట్లాడతాడు. అంతా బాగుంది. పొద్దున టీ తాగుతూ వాళ్ళ నాన్న పేరు అడిగాను.

"చిన్నప్పన్. నీ కాలేజీయేనంట నాన్నా. బాస్కెట్‌బాల్ ఆడినాడంట."

టీ ముక్కులోంచి వచ్చింది.

"ఆడినాడని ఎవులు సెప్పినారు?" అన్నాను.

ఆ చిన్నప్పనే. ముప్పై ఏళ్ళ కిందటి ఫైనల్. వాన వెలిసిన మైదానం. ఒక్క పాయింటు వెనక ఉన్నాం. మా సుబ్రమణియం, దేవుడిలాంటి ఆటగాడు, బంతి అందించాడు. ఆ ఏడాదంతా బెంచీ అరగదీసి ఫైనల్లో దిగిన చిన్నప్పన్ సరిగ్గా బుట్ట కింద నిలబడి ఉన్నాడు. మా అమ్మమ్మ అయినా వేసేది. ఈయన వేయలేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. తర్వాత ఇచ్చిన సంజాయిషీ ఏమిటంటే, బంతి తడిగా ఉందట.

ఆటగాడు మిగల్లేదు గానీ ఆ కూర్చోవడం మిగిలింది. మా కాలేజీ అభిమానులం ఏది గురి తప్పినా, చెత్తబుట్టలోకి విసిరిన కాగితమైనా సరే, నెత్తిన చేతులు పెట్టుకుని గొంతుక్కూర్చుంటాం. కూర ఒలికితే మా ఆవిడ రాగిణి కూడా అంతే. నంతిని నడక కంటే ముందు అదే నేర్చుకుంది. అది ఎవరిదో ఈ రోజే తెలిసింది దానికి. ఎందుకో నవ్వు ఆపుకుంది.

"ఆయన ముందు అలగ కూకోకు నాన్నా. సంబంధం సెడితే నీతో మాటాడను. నిజంగా."

ఈ చివరి మాట అన్నప్పుడు నవ్వడం లేదు.

ఏప్రిల్ 8, బుధవారం

అద్భుతంగా సాగుతోంది. నియమాలు:

ఆ షాట్ ఊసెత్తకూడదు.
కూర్చోకూడదు.
పాత అభిమానుల వాట్సాప్ గ్రూపులో నోరు విప్పకూడదు.

మూడోది కష్టం. ఆ గ్రూపుకి చరిత్రకారుణ్ణి నేనే. ఎవరూ నియమించలేదు, నా అంతట నేనే ఒప్పుకున్నాను. అయినా తైపూసం పండక్కి మాంసం మానేసినవాణ్ణి, ఇదెంత?

"మాంసం మానినావు. నోరు ఎప్పుడు మానినావు?" అంది రాగిణి.

ఆవిడ ప్రోత్సాహం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

ఏప్రిల్ 12, ఆదివారం

దారుణం. నా స్నేహితుడు ఇళంగోవన్‌కి బీరువాలో ఆ ఫైనల్ వీడియో టేపు దొరికిందట. ఎవరడిగారు? దాన్ని ఫోన్లోకి ఎక్కించి గ్రూపులో పెట్టాడు. కింద ఒక తీర్పు కూడా: "మనం చిన్నప్పన్‌కి అన్యాయం చేశాం."

ఇక మొదలు. అవతలి జట్టు పొడుగాటి ఆటగాణ్ణి ఆటంతా ఆపింది చిన్నప్పనేనట. కనిపించని పనంతా ఆయనదేనట. ఒకడైతే "మన జట్టుకి వెన్నెముక" అని రాశాడు. ఈ వెన్నెముకనే ఇదే మనిషి పోయిన దీపావళికి "సున్నంలేని గోడ" అన్నాడు. ముప్పై ఏళ్ళు రాళ్ళేసిన చేతులే ఇప్పుడు దండలు గుచ్చుతున్నాయి.

నేనేమీ రాయలేదు. నాలుగుసార్లు టైపు చేసి చెరిపేశాను. చెరిపేసింది లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 14, మంగళవారం

వీడియో చూశాను. నియమాల్లో చూడకూడదని లేదు.

సుబ్రమణియం అందించిన బంతి మోకాలి ఎత్తులో వచ్చింది. అసాధ్యం. కెమెరా పక్కనుంచి తీశారు కాబట్టి అలా కనిపిస్తుంది. మళ్ళీ చూశాను. మోకాలే. టేపు పాతది, సాగిపోయి ఉంటుంది.

గ్రూపులో ఒక్క ముక్క రాశాను: "తడి బంతి వర్ధిల్లాలి." ఇది పొగడ్త. కాబట్టి నియమం చెక్కుచెదరలేదు.

ఏప్రిల్ 18, శనివారం

వియ్యంకుడు వచ్చాడు. తాంబూలాల విషయం మాట్లాడటానికి.

పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ఓడరేవులో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేస్తాడట. మెల్లగా మాట్లాడతాడు. రాగిణి చేసిన చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు. ఆవిడ దృష్టిలో ఆయన అప్పుడే మహాపురుషుడు.

"బావగారు కాలేజీలో ఆటలు సూసేవోరంట గదా," అన్నాడు.

"ఎప్పుడో ఒకటీ అరా," అన్నాను. నంతిని నా కాలు తొక్కింది, అవసరం లేకపోయినా.

ఆయన కమలాపండు తొక్క కూర్చున్నచోటి నుంచే వంటగది బుట్టలోకి విసిరాడు. పడింది. నాకు చాలా నిరాశ కలిగింది.

ఏప్రిల్ 22, బుధవారం

నేను పనిచేసే గోడౌన్లో ఒక కుర్రాడు ప్యాకింగ్ టేపు చుట్ట విసిరితే పక్కకి పోయింది. నేను కూర్చున్నాను. అందరూ నవ్వారు. వియ్యంకుడు అక్కడ లేడు కాబట్టి ఇది వ్యాయామం కిందికి వస్తుంది. మధ్యాహ్నం ఇంకో మూడుసార్లు వ్యాయామం చేశాను.

గ్రూపులో ఆ షాట్ మీద పెద్ద వ్యాసమే రాశాను. చరిత్రకారుడు చరిత్ర రాయకపోతే ఎవరు రాస్తారు?

నిశ్చితార్థం రోజు మాత్రం నోరు కుట్టేసుకుంటాను.

ఏప్రిల్ 26, ఆదివారం

నోరు కుట్టుకున్నాను. కాళ్ళని మర్చిపోయాను.

మా వాళ్ళలో, తాతలు రబ్బరు తోటల్లో పనిచేసిన కాలం నుంచి ఒక వేడుక ఉంది. తాంబూలాలు మార్చుకున్నాక వియ్యంకులిద్దరూ పూలచెండుని దూరం నుంచి ఇత్తడి బిందెలో వేయాలి. వేసినవాళ్ళదే పైచేయి. ఆడపిల్ల తండ్రిది మొదటి వంతు. మూడడుగుల దూరం. మా అమ్మమ్మ అయినా వేసేది.

చెండు బిందె అంచుకి తగిలి, పంతులుగారి చాప కిందికి దొర్లిపోయింది.

నా చేతులు వాటంతటవే నెత్తి మీదికి వెళ్ళాయి. కొత్త పంచెతో గొంతుక్కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది ఎవరి ముందు కూర్చున్నానో. అయిపోయింది, నా కూతురి బతుకు నా చేతులారా పాడు చేశాను అనుకున్నాను. తల ఎత్తడానికి భయం వేసింది.

ఎత్తాను. పక్కన రాగిణి కూర్చుని ఉంది. పట్టుచీరతో నంతిని కూర్చుని ఉంది. ఎదురుగా శరవణ్, వాళ్ళమ్మ. వాళ్ళ మధ్యలో, పొట్ట మోకాళ్ళకి ఆనించుకుని, నెత్తిన చేతులతో సాక్షాత్తూ చిన్నప్పన్.

"మోచేతులు లోనకి బావగారూ," అన్నాడు. "ముప్పై ఏళ్ళనించి ఊరంతా తప్పే సేస్తంది."

హాలంతా నవ్వు. శరవణ్ నా దగ్గరికి వచ్చి లేవదీశాడు.

"ఆఫీసులో నా కాయితం ఉండ బుట్టలో పడలేదు మామా. అలవాటుగా కూకున్నాను. తలెత్తి సూస్తే ఎదర నంతిని కూడా కూకోని ఉంది. మా ఇంట్లోనే అలగ సేస్తాం అనుకున్నా. అప్పుడే మాటలు మొదలయినాయి."

అంటే ఈ పెళ్ళి ఆ షాట్ తప్పడం వల్ల జరుగుతోంది. ఈ సంగతి ఎవరితోనూ అనకూడదు, మరీ ముఖ్యంగా ఇళంగోవన్‌తో.

తర్వాత అదే చెండు తీసుకుని చిన్నప్పన్ వేశాడు. పడింది. ముప్పై ఏళ్ళు ఆలస్యంగా.

ఏప్రిల్ 27, సోమవారం

ఇళంగోవన్ నిన్న వీడియో తీశాడట. పొద్దున గ్రూపులో పెట్టాడు. చిన్నప్పన్‌ని గ్రూపులో చేర్చింది కూడా వాడే. నేను వేసిన చెండు నెమ్మదిగా, మూడుసార్లు చూపించాడు. "మూడడుగులు," అని ఒకడు. "పొడుగాటివాడెవడైనా అడ్డొచ్చాడా?" అని ఇంకొకడు.

నిజం చెప్పాలి కదా. చెండు వాడిపోకుండా రాగిణి నీళ్ళు చల్లింది. జారింది. అదే రాశాను: "బంతి తడిగా ఉంది."

పంపాక చూసుకున్నాను ఏం రాశానో.

నవ్వే బొమ్మలు వచ్చి పడ్డాయి, ఒకదాని మీద ఒకటి. ఒక్కడూ నమ్మలేదు. భోజనం కూడా సయించలేదు. తడిగా ఉన్నది ఉందంటే నమ్మరేం?

మధ్యాహ్నం ఒక్క మెసేజి వచ్చింది. చిన్నప్పన్.

"నిజమే. తడిగానే ఉంది. నేను పట్టుకుని సూసినాను."

ఆ మాట నాలుగుసార్లు చదివాను. ఆ ఫైనల్ రోజు ఈ మాట ఆయన కోసం ఒక్కడూ అనలేదు. అక్కడ నేను మొదటి వరసలోనే ఉన్నాను.

సరే. ఈ రోజు నుంచి చిన్నప్పన్ గురించి ఒక్క మాట అనను. పెళ్ళి అయ్యేదాకా. వేరేవాళ్ళు అన్నా ఊరుకోను. డైరీలో రాశాను కాబట్టి ఖాయం.

సుబ్రమణియం మోకాలి ఎత్తున ఇచ్చిన ఆ దిక్కుమాలిన బంతి గురించి అనొచ్చా లేదా అన్నది రేపు తేల్చుకుంటాను.