ఇద్దరు అధ్యక్షులు, మా అల్మారా

మంగళవారం రాత్రి, అల్ కుసైస్, దుబాయ్

అమెరికా తొలి అధ్యక్షుడే బానిసత్వం పోగొట్టాడని అల్లుడు చెప్పింది తప్పు. ఆయన బతికుండగా బానిసలను వదల్లేదు. భార్య కూడా పోయాక వదలమని వీలునామా రాశాడు. చివరిదాకా సేవలు చేయించుకుని, తర్వాత పుణ్యం కట్టుకున్నాడన్నమాట. బానిసత్వం పోగొట్టినాయన వేరు.

మనవరాలు రేపు స్కూల్లో ఈ ఇద్దరినీ పోల్చి మాట్లాడాలి. భోజనాల దగ్గర నేనిదంతా చెబుతుంటే విని, వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న మా పనిమనిషి లక్ష్మి వైపు చూసింది.

“మరి లక్ష్మక్క పాస్‌పోర్ట్ నాన్న అల్మారాలో ఎందుకుంది అమ్మమ్మా?”

“జాగ్రత్త కోసమేనమ్మా. ఇక్కడ కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే ఉంచుతారు,” అన్నాడు అల్లుడు.

“ఆ తొలి అధ్యక్షుడూ అలాగే అనుకుని ఉంటాడు నాయనా,” అన్నాను.

“ఖలాస్, ఇక తినండి,” అంది మా అమ్మాయి.

లక్ష్మి తల్లికి జబ్బు ముదిరిందని ఊరి నుంచి రోజూ ఫోన్లే. సెలవంటే అల్లుడు పండగ తర్వాత అంటున్నాడు. ఆ తల్లి పండగదాకా ఆగుతుందా? నిద్ర రావడం లేదు.

పొద్దున అల్లుడు ఆఫీసుకు బయల్దేరకముందే అల్మారా తాళం అడగాలి. కింది దుకాణంలో పాస్‌పోర్ట్ పట్టే జిప్పు సంచి కొనాలి. లక్ష్మిని వెంట తీసుకెళ్లాలి, రంగు తనే ఎంచుకోవాలి.