వాగులో తోలినట్టే

అండమాన్

మహిమ తల్లికి,

ప్రభువు దయవల్ల నేనూ బిడ్డా బాగున్నాం. ఫోన్లో చెబితే అందరూ వింటారని రాస్తున్నాను.

నిన్న మహిమ నన్ను దీవి పక్కకు పడవలో తీసుకుపోయింది. అక్కడ పారలనే పెద్ద చేపలు వేటాడుతున్నాయి! మన టేకులపల్లి వాగులో నువ్వు నీళ్లు కొడుతూ చేపల్ని తోలితే, నేను చీర పట్టి కాచుకుంటాను కదా, అచ్చం అట్లనే. కొన్ని పారలు చిన్న చేపల గుంపును తరుముకొచ్చాయి, కొన్ని రాళ్ల దగ్గర కాచుకున్నాయి. నీళ్లు కుతకుత ఉడికినట్టయింది. నేను లేచి, "జల్దీ తోలు పుల్లమ్మా, ఎడమకు పోతున్నయి!" అని అరిచాను.

పడవంతా నవ్వింది. "అమ్మను నువ్వు పేరుపెట్టి పిలువంగ ఇయ్యాల్నే విన్న నాయినా" అన్నది మహిమ.

ఓడంటే భయమని ఆగిపోయావు. నీ తమ్ముడు శాంతికుమార్ తోడొస్తాడు, రా. నువ్వు వచ్చేదాకా నేను మళ్లీ ఆ పడవ ఎక్కను.

మహిమ నాయిన